14 నెలలు చుక్కల టెస్ట్ కిట్ వాడాక: గోల్డ్‌ఫిష్ ఉన్నోళ్ళ కోసం కాస్త పెద్ద రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొంచెం పొడుగ్గానే వస్తుంది. ట్యాంక్ నీళ్ళు చిన్న ట్యూబ్‌లో పట్టి చుక్కలు వేసి రంగు చూసే కిట్ ఉంటుంది కదా, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీళ్ళలో ఆమ్లగుణమో క్షారగుణమో ఎంతో చెప్పే అంకె) నాలుగూ చూసేది, దాని గురించి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను మెచ్చుకున్నవీ తిట్టుకున్నవీ ఈ రకం కిట్లు చాలావాటికి సరిపోతాయి. ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి నా లెక్కలు పట్టుకోకుండా మీ డబ్బాలో కాగితం చూసుకోండి.

నేను ఇది కొన్నది ముందుచూపుతో కాదు, ఒక చేప చచ్చిపోయాక. మా చిన్నోడి గోల పడలేక బొటనవేలంత గోల్డ్‌ఫిష్‌లు రెండు, 20 లీటర్ల ట్యాంకు ఒకటీ ఒకే రోజు తెచ్చేశాం, అదే మొదటి తప్పని అప్పుడు తెలీదు. వారం రోజులు బ్రహ్మాండంగా తిరిగాయి. తొమ్మిదో రోజు ఒకటి పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేయడం మొదలెట్టింది, రెండోదాని తోక మీద ఎర్రటి గీతలు. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి, వాసన లేదు, మురికి లేదు, కాబట్టి ఇది రోగమే అని తీర్మానించేసి నీలం రంగు మందు పోశా, అది పనిచెయ్యలేదని ఇంకో మందు పోశా, అదీ కాదని మొత్తం నీళ్ళు పారబోసి గులకరాళ్ళు కూడా తోమి కొత్త నీళ్ళు నింపా. పదకొండో రోజు పొద్దున ఒకటి పోయింది. చిన్నోడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఏళ్ళ తరబడి చేపలు పెంచుతున్నారు, ఇంకో మందు పేరేదైనా చెప్తారేమోనని ఫోన్ చేశా. నా కథంతా విని ఆయన అడిగింది ఒకటే ముక్క, "అమ్మోనియా ఎంతుందమ్మా?" అని. నాకు తెలీదండీ అన్నా. "తెలీకుండా మందెలా పోశావమ్మా?" అన్నారు. కోపం వచ్చింది గానీ ఫోన్ పెట్టేసి కిట్ ఆర్డర్ పెట్టా.

కిట్ వచ్చిన రోజు మొదటి టెస్ట్ ఇప్పటికీ గుర్తుంది. 5 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్ళు పట్టి, మొదటి సీసాలోంచి 8 చుక్కలు, రెండో సీసాలోంచి 8 చుక్కలు, మూత పెట్టి ఊపి 5 నిమిషాలు ఆగాలి. బావుంటే పసుపు రంగు రావాలి. నాది రెండో సీసా చుక్కలు పడుతుండగానే పచ్చబడిపోయింది, 5 నిమిషాలయ్యేసరికి ముదురాకు రంగు. కార్డు పక్కన పెట్టి చూస్తే 4 పీపీఎం, అంటే లీటరుకి 4 మిల్లీగ్రాములు. ఉండాల్సింది సున్నా. అద్దంలాంటి నీళ్ళు అనుకున్నానే, ఆ నీళ్ళలోనే పాపం ఆ ప్రాణి కాలిపోతోంది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి, లేకపోతే ఈ కిట్ ఎందుకో అర్థం కాదు. గోల్డ్‌ఫిష్ వదిలే అమ్మోనియాలో ఎక్కువ భాగం మొప్పల్లోంచే నీళ్ళలోకి పోతుంది, అంటే మనం రెట్ట తీసేసినా సరే అది ఊపిరి పీల్చినంతసేపూ అమ్మోనియా వస్తూనే ఉంటుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్ళితే అదీ అమ్మోనియానే. నడుస్తున్న ట్యాంకులో ఫిల్టర్ స్పాంజికీ రాళ్ళకీ అంటుకుని ఉండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది ఒక మోస్తరు వరకు పర్లేదు, వారానికోసారి కొంత నీళ్ళు మారిస్తే పోతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా ఉండదు, తయారవ్వడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, దీన్నే సైక్లింగ్ అంటారు. మనమేమో ట్యాంకు, చేప ఒకే సంచిలో తెచ్చుకుంటాం. పైగా నేను పోసిన ఆ నీలం మందు, మిథిలీన్ బ్లూ, ఉన్న కాస్త బ్యాక్టీరియాని కూడా దెబ్బతీసే రకం. రాళ్ళు తోమడం సరేసరి. ఇవేవీ కంటికి కనపడవు, అందుకే ఈ చుక్కలు.

సరే, 4 ఉంటే ఏం చెయ్యాలి? కిట్ చేసే మంచిపని ఏంటంటే లెక్క చేతికిస్తుంది. సగం నీళ్ళు మారిస్తే 4 కాస్తా 2 అవుతుంది, మళ్ళీ సగం మారిస్తే 1. ఆ రోజు పొద్దున సగం, రాత్రి సగం మార్చా, క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, చెయ్యి పెట్టి చూసి పాత నీళ్ళంత వేడే ఉండేలా చూసుకుని. మిగిలిన చేప, పేరు పండు, మర్నాటికి అడుగు నుంచి లేచి తిరిగింది. ఒక్క మందు చుక్క లేకుండా. అప్పుడనిపించింది ఆ మందుల సీసాలకి పోసిన డబ్బు ముందే దీనికి పెట్టుంటే అని.

తర్వాత మూడు వారాలు రోజూ టెస్టే. ఇంట్లో వాళ్ళు "ల్యాబ్ తెరిచింది" అని ఏడిపించేవాళ్ళు. ఇరవయ్యో రోజు ప్రాంతంలో అమ్మోనియా తగ్గుతూ 0.5కి వచ్చింది, నేను పండగ చేసుకున్నా, సరిగ్గా అప్పుడే పండు మళ్ళీ పైకొచ్చి గుటకలు వేయడం మొదలు. నైట్రైట్ టెస్ట్ పెడితే ముదురు ఊదా, అంటే బాగా ఎక్కువ. మొదటి రకం బ్యాక్టీరియా వచ్చేసింది, రెండో రకం ఇంకా రాలేదన్నమాట. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్ళి ఆక్సిజన్ మోసే శక్తిని తీసేస్తుంది, అందుకే నీళ్ళలో గాలి ఉన్నా చేపకి ఊపిరాడదు. దీనికి మాత్రం ఉప్పు పనికొస్తుంది, ఉప్పులో ఉన్న క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. లీటరుకి 1 గ్రాము చొప్పున, ముందే వేరే నీళ్ళలో కరిగించి, కొంచెం కొంచెంగా పోశా, నీళ్ళు మార్చడం ఎలాగూ ఆపలేదు. గమనించండి, మొదట్లో కూడా నేను ఉప్పు వేసేదాన్నే ఎవరైనా చెప్తే, కానీ అప్పుడున్న అమ్మోనియాకి ఉప్పు వల్ల ఒరిగేదేం లేదు. బయటికి లక్షణం ఒకటే, గుటకలు. లోపల కారణాలు వేరు. ఆ తేడా నాకు చెప్పింది ఈ రెండు ట్యూబులే.

ఏడో వారంలో అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ మొదటిసారి నారింజ రంగు. ఫొటో తీసి పెద్దాయనకి పంపిస్తే ఒక బొటనవేలు గుర్తు పంపారు, అంతే. ఆయన అంతే.

ఇక కిట్‌లో నాకు చిరాకు పుట్టించినవి.

అన్నిటికంటే పెద్దది నైట్రేట్ రెండో సీసా. దాన్లో మందు అడుగున గట్టిగా పేరుకుపోతుంది, వాడే ముందు కనీసం 30 సెకన్లు గట్టిగా ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబ్‌ని ఇంకో నిమిషం ఊపాలి. కాగితంలో ఉంది ఆ మాట, చిన్న అక్షరాల్లో, మిగతా సూచనల మధ్యలో. నేను రెండుసార్లు అటూ ఇటూ కదిపి వేసేదాన్ని. మూడు నెలలు నైట్రేట్ 5 దాటలేదు, నా ట్యాంకు ఎంత శుభ్రమో అని గొప్పలు పోయా, నీళ్ళు మార్చడం రెండు వారాలకోసారి చేశా. ఒకరోజు ఖాళీగా ఉండి కాగితం మొత్తం చదివి, సీసాని బల్ల మీద నాలుగు దెబ్బలేసి, చెయ్యి నొప్పెట్టేదాకా ఊపి టెస్ట్ పెడితే చింతపిక్క ఎరుపు వచ్చింది, 80. అంటే సీసా అబద్ధం చెప్పలేదు, నేను అడగడం రాక అడిగా. అయినా సరే, ఇంత ముఖ్యమైన విషయం సీసా మీదే పెద్ద అక్షరాల్లో వెయ్యొచ్చు కదా అని నా బాధ.

రెండోది రంగుల కార్డు. అమ్మోనియా 0కీ 0.25కీ మధ్య తేడా, మీరు నమ్మరు, ట్యూబ్‌లైట్ కింద ఒకలా, పసుపు బల్బు కింద ఒకలా, కిటికీ దగ్గర ఒకలా కనిపిస్తుంది. ఇంట్లో ముగ్గురం ఒకే ట్యూబ్ చూసి మూడు నంబర్లు చెప్పిన రోజులున్నాయి. నేను కనిపెట్టిన ఉపాయం ఒకటి పనిచేసింది, అమ్మోనియా అసలు ఉండని నీళ్ళతో, డిస్టిల్డ్ వాటర్‌తో, ఇంకో ట్యూబ్‌లో అదే టెస్ట్ పెట్టి రెండూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టడం. రెండూ ఒకేలా ఉంటే సున్నా కింద లెక్క. పగటి వెలుతురులోనే చూడండి, రాత్రి చూసి కంగారుపడొద్దు. కుళాయి నీళ్ళని కూడా ఒకసారి టెస్ట్ చెయ్యండి, కొన్ని చోట్ల నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు, అది విడిపోతే అమ్మోనియా వస్తుంది, అలాంటప్పుడు నీళ్ళు మార్చిన వెంటనే రీడింగ్ పెరిగిందేంటా అని తల పట్టుకోవాల్సిన పనుండదు.

పీహెచ్ సీసా గురించి ఒక మాట. చాలామంది పీహెచ్ 7 రావాలని ఏవేవో మందులు పోస్తుంటారు. గోల్డ్‌ఫిష్‌కి 7 నుంచి 8 దాకా ఏదైనా పర్లేదు, ఊరికే పైకీ కిందకీ మారకపోతే చాలు. నాది 8 దగ్గర ఉంటుంది, నేను ముట్టుకోను. కాకపోతే పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అదే అమ్మోనియా రీడింగ్ ఎక్కువ ప్రమాదం, 7 దగ్గర అందులో విషపు భాగం ఒక శాతం కూడా ఉండదు, 8 దగ్గర, నీళ్ళు 25 డిగ్రీలుంటే, 5 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి పక్కింటి వాళ్ళ ట్యాంకులో 1 ఉన్నా చేపలు బాగానే ఉన్నాయి అంటే మీ ట్యాంకులో కూడా ఉంటాయని కాదు. ఈ రెండు రీడింగులూ కలిపి చదవాలని కిట్ కాగితంలో ఒక వాక్యం రాసుంటే బావుండేది. నీళ్ళ కఠినత్వం చూసే సీసాలు ఇందులో లేవు, విడిగా కొనాలి, ఇది మాత్రం నాకు పెద్ద లోటనిపించలేదు.

స్ట్రిప్స్, అంటే రంగు మారే టెస్ట్ పట్టీలు, వాడొచ్చు కదా అంటారు. నేనూ కొన్నా, నీళ్ళలో ముంచి తీస్తే నిమిషంలో అయిపోతుంది, నిజమే. కానీ నేను కొన్న దాంట్లో అమ్మోనియా గడే లేదు. చాలావాటిలో ఉండదు, దానికి వేరే స్ట్రిప్ అంటారు. కొత్త ట్యాంకులో మొదట చూడాల్సిందే అది కదా! పైగా మూత సరిగ్గా పడకపోతే తేమకి పాడైపోతాయి. పాత ట్యాంకుకి నెలకోసారి పైపైన చూసుకోడానికైతే ఓకే.

ఈ 14 నెలల్లో కిట్ నిజంగా కాపాడిన సందర్భాలు ఇంకో రెండున్నాయి. ఒకటి మా ఆయన పుణ్యం. నేను ఊరెళ్ళినప్పుడు ఫిల్టర్ స్పాంజి జిడ్డుగా ఉందని, పాపం సాయం చేద్దామనే, కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండి పిండి కడిగారు. ఆ జిడ్డే కదండీ బ్యాక్టీరియా ఇల్లు! కుళాయి నీళ్ళ క్లోరిన్ ఒక దెబ్బ, పిండడం ఇంకో దెబ్బ. నేనొచ్చి అలవాటుగా టెస్ట్ పెడితే అమ్మోనియా 1. "ఎవరు ముట్టుకున్నారు ట్యాంకు?" అంటే ఎవరూ మాట్లాడలేదు, స్పాంజి చూస్తే కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. పండు అప్పటికి ఏ లక్షణమూ చూపించలేదు, మామూలుగా తిరుగుతోంది, టెస్ట్ లేకపోతే ఇంకో నాలుగు రోజులకి గానీ నాకు తెలిసేది కాదు. మేత ఆపేసి, వారం రోజులు రోజూ నీళ్ళు మార్చి గట్టెక్కించాం. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే బకెట్లో రెండుసార్లు పిండి వదిలెయ్యాలి, అంతే, మురికిగానే కనిపించాలి.

రెండోది ఇంకా తమాషా. పండు మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు అంచున తెల్లటి చుక్కలు వరసగా వచ్చాయి. వైట్ స్పాట్ రోగం అని చిన్నోడు ఏడుపు. పాత నేనైతే మందు సీసా ఎత్తేదాన్ని. టెస్ట్ పెడితే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, మేత బాగా తింటోంది, ఒళ్ళు రాళ్ళకి రుద్దుకోవట్లేదు, చుక్కలు ఒళ్ళంతా చల్లినట్టు కాకుండా ఆ రెండు చోట్లే ఉన్నాయి. పెద్దాయనకి ఫొటో పంపితే నవ్వారు, "మీవాడు మగాడమ్మా, ఈడొచ్చింది" అని. మగ గోల్డ్‌ఫిష్‌లకి ఈడొచ్చాక ఆ కాలంలో అలా చిన్న చిన్న పొక్కులు లేస్తాయట. కిట్ రోగాలు చెప్పదు, అది నిజమే, కానీ నీళ్ళు బానే ఉన్నాయని తెలిస్తే కంగారు సగం తగ్గి, మందు ఎత్తకుండా నాలుగు రోజులు ఆగి చూసే ధైర్యం వస్తుంది.

కిట్ చెప్పనివి కూడా చెప్పుకోవాలి. ఆక్సిజన్ ఎంతుందో చెప్పదు, ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉన్నా చేప పైకొచ్చి గుటకలేస్తుంటే ఎయిర్ పంప్ చూసుకోండి. ఉబ్బిపోయి తలకిందులుగా తేలే గుండ్రటి రకాలకి అది చాలాసార్లు మేత గొడవ. గోల్డ్‌ఫిష్‌కి కడుపు అనే సంచే ఉండదు, పేగే అంతా, కాబట్టి ఒకేసారి పడెయ్యకుండా కొంచెం కొంచెంగా, రెండు నిమిషాల్లో తినేసేంత వెయ్యాలి, గుళికలైతే నానబెట్టి వెయ్యాలి. ఇవన్నీ మన కళ్ళతో చూడాల్సినవే.

ట్యాంకు చిన్నదైపోయిందని కూడా కిట్ నోరు తెరిచి చెప్పదు గానీ ఒకరకంగా చెప్తుంది. ఆ 20 లీటర్లలో సైక్లింగ్ అయిపోయాక కూడా, సీసా సరిగ్గా ఊపి చూస్తే, నాలుగు రోజులకే నైట్రేట్ 40 దాటేది, ఒక్క చేపకి! అంకెలు రాసుకున్న నోట్‌బుక్ చూపించాకే మా ఆయన పెద్ద ట్యాంకుకి ఒప్పుకున్నారు, ఇప్పుడు 120 లీటర్లు, పాత స్పాంజినే ఇందులోకి మార్చాం కాబట్టి మళ్ళీ మొదట్నించీ సైక్లింగ్ బాధ పడలేదు. గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ పెట్టేవాళ్ళతో నేను వాదించడం మానేశా, కిట్ ఇచ్చి మీరే చూడండి అంటున్నా. ఇంగ్లండ్‌లో 1956లో జాతరలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది. మనమేమో మూణ్ణెల్లు బతికితే "గోల్డ్‌ఫిష్ అంతే, ఎక్కువ బతకవు" అనేసుకుంటాం.

కొనేవాళ్ళకి చిన్న చిన్న జాగ్రత్తలు: సీసా మీద తేదీ చూడండి, పాతబడిన మందు రంగు తప్పు చూపిస్తుంది. ట్యూబ్‌కి మూత పెట్టే ఊపండి, వేలు అడ్డం పెట్టొద్దు, కొన్ని సీసాల్లో చర్మం కాలే రకం రసాయనాలుంటాయి. టెస్ట్ చేసిన నీళ్ళు మళ్ళీ ట్యాంకులో పొయ్యొద్దు, పిల్లలకి అందకుండా పెట్టండి. మా చిన్నోడికి రంగు చదివి నోట్‌బుక్‌లో రాసే ఉద్యోగం మాత్రమే ఇచ్చా, చుక్కలు నేనే.

5కి 4 స్టార్లు ఇస్తున్నా. ఒకటి తగ్గించింది రంగుల కార్డుకీ, నైట్రేట్ సీసాకీ కలిపి. ఇంకో అరస్టారు తగ్గించేదాన్నే, అమ్మోనియా సీసాలు అన్నిటికంటే ముందు అయిపోతాయి, పీహెచ్ సీసా ఏళ్ళొస్తుంది, విడిగా రీఫిల్ వెతుక్కోవాలి, నాకు దొరక్క మొత్తం సెట్ మళ్ళీ కొన్నా. ఇప్పుడు ఇంట్లో పీహెచ్ సీసాలు రెండు.

ఇవాళ్టి రీడింగ్, చిన్నోడి దస్తూరీలో: అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 30. అంటే రేపు బకెట్లు మొయ్యాలి, మా ఆయన అప్పుడే నడుం నొప్పి అంటున్నారు.